మెటల్ డిటెక్టర్ కాయిల్ - దాని పైపూతలు : నా అనుభవాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ప్రసంగం అంటే డి.ఎ. బకాయిల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో ఉండడం రివాజు. "రిటైరయ్యాక నువ్వేదో యంత్రం చేశావట కదా, దాని గురించి పావుగంట చెప్పు" అని కార్యదర్శి గారు నన్ను ఇరికించారు. యంత్రం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దాని సర్క్యూట్ ఏ హాబీ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది దాని కాయిల్‌కి వేసిన పైపూతల గురించి. పూతే కదా అని తేలిగ్గా తీసుకుని నేను చేసిన తప్పు వల్ల ఒక మనిషికి దెబ్బ తగిలింది. అంచేత కాస్త వివరంగానే మనవి చేస్తాను.

మీలో చాలామందికి తెలుసు, ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షెడ్డులో వైండింగ్ పనిలో నా సర్వీసంతా గడిచింది. 2009లో రిటైరయ్యాను. మా మేనల్లుడికి ఊరి చివర ఒక కోత మిల్లు ఉంది. అక్కడికొచ్చే దుంగల్లో ఎక్కువ భాగం రోడ్డు పక్కన పడగొట్టిన చింత, వేప, తుమ్మ. రోడ్డు పక్క చెట్టంటే సంగతి మీకు తెలిసిందే. సినిమా పోస్టరు అట్టకో మేకు, ఎన్నికల బోర్డుకో మేకు, గేదెని కట్టడానికి ఇంకో చీల. చెట్టు ఏళ్ళు గడిచేకొద్దీ వాటిని తనలోకి మింగేస్తుంది. పైకి బెరడు నున్నగా ఉంటుంది. లోపల మేకు. బ్యాండ్ సా రంపం దానికి తగిలిందంటే పళ్ళు రాలిపోవచ్చు, ఒక్కోసారి పట్టీయే తెగిపోవచ్చు.

"మావయ్యా, నీకు కాయిళ్ళు చుట్టడం వచ్చు కదా, మేకులు కనిపెట్టేది ఏదైనా చేసిపెట్టు" అని వాడు 2016లో అడిగాడు. ఖాళీగా ఉన్నాను, ఉత్సాహం వచ్చింది. పాత పద్ధతి బి.ఎఫ్.ఓ. యంత్రం కట్టాను. అందులో రెండు ఆసిలేటర్లు. ఒకటి స్థిరంగా ఉంటుంది. రెండోదానికి మన వెదుకుడు కాయిల్ కట్టి ఉంటుంది. రెంటి ఫ్రీక్వెన్సీల మధ్య తేడా ఎంతో అంత మన చెవికి కూతగా వినిపిస్తుంది. దగ్గరికి లోహం వస్తే కాయిల్ గుణం కొద్దిగా మారుతుంది, కూత మారుతుంది. 24 గేజి ఎనామిల్ తీగ, ఏడున్నర అంగుళాల వలయం, 27 చుట్లు. సుమారు 300 మైక్రోహెన్రీలు వస్తుంది. దానికి తగిన కెపాసిటర్ పెట్టి లక్ష హెర్ట్జ్ దగ్గర నడిపాను.

చుట్టిన కాయిల్‌కి దారం కట్టి, నూలు టేపు చుట్టి, ప్లైవుడ్ చెక్కకి తెల్ల బంకతో అంటించాను. అంతే. వార్నిష్ లేదు, కవచం లేదు. షెడ్డులో ఒక్క కాయిల్ని కూడా ఆరబెట్టి వార్నిష్‌లో ముంచకుండా బయటికి పంపనివాణ్ణి, ఇంటి దగ్గర చేసిన దానికి మాత్రం "ఇది చిన్న బొమ్మ కదా, దీనికెందుకు" అనుకున్నాను. వేసవిలో చేశాను. ఎండాకాలం నాలుగు నెలలూ అది బ్రహ్మాండంగా పనిచేసింది. మిల్లులో నన్ను "కరెంటు సారు" అని టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు.

వానలు పడ్డాయి. యంత్రం కారణం లేకుండా కూయడం మొదలెట్టింది. తడి దుంగ మీద పెడితే కూత, చెయ్యి కాస్త దగ్గరికొస్తే కూత, పొద్దున ఒక రకం, మధ్యాహ్నం ఇంకో రకం. మేస్త్రి రెండుసార్లు కూత విని దుంగను ఉలితో తొలిచి చూశాడు. ఏమీ లేదు. మూడోసారి తొలవలేదు. 2017 ఆగస్టులో ఒకరోజు పొద్దున్న అది అదేపనిగా అరుస్తుంటే స్విచ్చి ఆపేసి పక్కన పెట్టారు. ఆ మధ్యాహ్నమే చింత దుంగలో మేకు తగిలి రంపం తెగింది. తెగిన కొస మేస్త్రి కుడి చేతి మీద పడింది. నరం తెగి ఆయనకి ఈనాటికీ రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మిషను రోజూ అరుస్తుంటే మేమే కట్టేశాం సార్" అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధించింది. అసలు యంత్రమే లేకపోతే వాళ్ళు పాత పద్ధతిలో గొడ్డలి వెనకతో కొట్టి, బెరడు చెక్కి, నల్లమచ్చ ఉందా అని చూసుకునేవారు. నా యంత్రం వచ్చాక ఆ అలవాటు పోయింది. తర్వాత యంత్రం మీద నమ్మకమూ పోయింది. రెండూ లేని రోజున ప్రమాదం జరిగింది.

ఆ కాయిల్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. ఎందుకు కూసిందో లెక్క వేస్తే పది నిమిషాల పని. మనం చెయ్యి దగ్గరికి తెచ్చినా, తడి చెక్క ఆనినా, కాయిల్‌కీ దానికీ మధ్య చిన్న కెపాసిటర్ ఏర్పడుతుంది. పది పికోఫారడ్లు అనుకోండి. నా సర్క్యూట్‌లో దాని వల్ల ఫ్రీక్వెన్సీ సుమారు 60 హెర్ట్జ్ జరుగుతుంది. చిన్న మేకు వల్ల వచ్చే మార్పు కూడా అలాంటిదే, లేదా అంతకన్నా తక్కువ. చెవికి ఏది మేకో ఏది తడో ఎలా తెలుస్తుంది? దీనికి తోడు నూలు టేపు, ప్లైవుడ్ గాలిలోని తేమని పీల్చాయి. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 80. గాలికి 1. చుట్ల మధ్య గాలి ఉన్నచోట కొంచెం నీరు చేరినా కాయిల్ కెపాసిటీ మారిపోతుంది. ఎండ వస్తే మళ్ళీ వెనక్కి. పొద్దున ఒక రకం, మధ్యాహ్నం ఒక రకం కూత అందుకే.

అంటే రెండు పనులు చెయ్యాలి. బయటి కెపాసిటెన్స్ లోపలికి రాకుండా ఒక కవచం. తేమ లోపలికి పోకుండా ఒక సీలు. ఈ రెండూ వేరు వేరు పనులు. ఒకే పూతతో రెండూ అయిపోతాయనుకుంటే రెండూ సరిగా కావు.

కవచం సంగతి ముందు చెబుతాను. 1836లో ఫారడే మహాశయుడు గదంత పెట్టెకి లోహపు రేకు చుట్టించి, బయట విద్యుత్తు మెరుపులు కొట్టిస్తూ లోపల పరీక్ష చేసి చూపించాడు, లోపలికి ఏమీ రాదని. మనకి కావలసిందీ అదే, కాని ఒక చిక్కుంది. విద్యుత్ క్షేత్రం ఆగాలి, అయస్కాంత క్షేత్రం మాత్రం దాటిపోవాలి. అది దాటకపోతే మేకు ఎలా తెలుస్తుంది? పూర్తిగా లోహపు రేకు చుట్టేసి రెండు కొసలు కలిపితే అది షార్టయిన చుట్టు. షార్టయిన చుట్టు ఏం చేస్తుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, మనమంతా దాని వాసన చూసినవాళ్ళమే. అంచేత వలయంలో ఒకచోట అరంగుళం ఖాళీ వదలాలి.

వంటింటి అల్యూమినియం ఫాయిల్ నా మొదటి ప్రయత్నం. ఖాళీ వదిలే చుట్టాను. చెయ్యి పెట్టినప్పటి కూత చాలావరకు పోయింది. కాని ఫాయిల్ చుట్టుమీద చుట్టు పడుతుంది కదా, ఆ అంచులు ఒకదానికొకటి ఒకసారి తగులుతూ ఒకసారి తగలక, దుంగకి కాస్త తట్టినా గరగరమనేది. పైగా అల్యూమినియం మామూలు టంకం పట్టదు. పక్కన బేర్ తీగ పెట్టి నొక్కి చుట్టాల్సిందే. కొన్నాళ్ళకి ఆ కలయిక వదులైంది. ఇంట్లో పెట్టుకుని వాడేవాడికి ఫాయిల్ చాలు. మిల్లులో దెబ్బలు తినే యంత్రానికి నాకు నచ్చలేదు.

రెండోది గ్రాఫైటు పూత. గ్రాఫైటు విద్యుత్తుని పోనిస్తుంది గాని రాగి అల్యూమినియంలంత బాగా కాదు. ఈ 'అంత బాగా కాకపోవడమే' దాని సుగుణం. పలచని పొరలో ఎడ్డీ కరెంట్లు పెద్దగా పుట్టవు, అయస్కాంత క్షేత్రం ఇంచుమించు అడ్డం లేకుండా పోతుంది. కెపాసిటెన్స్ ద్వారా వచ్చే చిన్న చార్జీని మాత్రం ఎర్తుకి దింపేస్తుంది.

ఇక్కడ నా రెండో పొరపాటు చెప్పాలి. గ్రాఫైటు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించి, చిన్నప్పటి అలవాటుకొద్దీ పాత టార్చి సెల్లు పగలగొట్టి లోపలి నల్ల పొడి తీసి రంగులో కలిపాను. చూడ్డానికి అచ్చం గ్రాఫైటే. మీటరు కూడా కరెంటు పోతోందని చూపించింది. రెండు వారాల్లో ఎర్తు తీగ పచ్చగా చిలుమెక్కింది. ఆ పొడిలో ఎక్కువ భాగం మాంగనీస్ డయాక్సైడు. కొంచెమే కార్బన్. దానితోపాటు నవాసారం, జింకు క్లోరైడు వంటి లవణాలు. లవణం తేమని పిలుచుకొస్తుంది. తేమ రాకూడదని పూత వేస్తూ ఆ పూతలోనే ఉప్పు కలిపాను! ఎవరూ ఆ పని చెయ్యకండి. పెన్సిలు ముల్లులు నూరినా లాభం లేదు, అందులో బంకమన్ను కలిసి ఉంటుంది. తూర్పు కనుమల్లో గ్రాఫైటు నిక్షేపాలున్న రాష్ట్రం మనది, దానికోసం ఇంత తంటాలేమిటని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. చివరికి పోత పోసే ఫౌండ్రీలకి సామాను అమ్మే కొట్లో మెత్తని పొడి దొరికింది. పావుకిలో కొంటే ఇంకా డబ్బాలో మిగిలే ఉంది.

దాన్ని దేనితో కలపాలన్నది తర్వాతి ప్రశ్న. వడ్రంగులు వాడే క్లియర్ లాకరులో తిన్నరు పోసి కలిపాను. మొదటిసారి లాకరు ఎక్కువైంది. నల్లగా నిగనిగలాడుతూ ఎంతో అందంగా ఆరింది. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ప్రతి గ్రాఫైటు రేణువు చుట్టూ లాకరు పొర కట్టి దేనికది విడిపోయింది. ఈసారి పొడి ఎక్కువ, లాకరు అంటీ ముట్టనట్టు, ముద్దగా కాకుండా చిక్కని మజ్జిగలా కలిపి రెండు పూతలు వేశాను. ఆరాక పాత బనియను గుడ్డతో బూటు పాలిష్ చేసినట్టు రుద్దాను. ఆ రుద్దడంతోనే రెసిస్టెన్సు బాగా పడిపోతుంది. వలయానికి ఎదురెదురుగా మీటరు పెడితే వెయ్యి ఓమ్‌లు వచ్చింది. నా అనుభవంలో కొన్ని వందల నుంచి రెండు వేల వరకు ఎక్కడున్నా బాగానే పనిచేసింది. పూత మీద పూత పూసి ఇంకా తగ్గించాలని తాపత్రయపడనక్కర్లేదు.

మార్కెట్లో రాగి పూత, వెండి పూత, నికెల్ పూత కూడా ఉన్నాయి. మొదటి రెండూ ఖరీదు, పైగా ఈ పనికి అవసరమైనదానికన్నా మంచి వాహకాలు. నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహం. ఇనుము వెదికే కాయిల్‌కి దాన్ని పూయడం నాకు మనస్కరించలేదు. అదే కారణంతో రెడాక్సైడు ప్రైమరు, గేట్లకి వేసే వెండి రంగు ఈ చుట్టుపక్కలకి రానివ్వలేదు. మొదటిది ఇనుప ఆక్సైడు, రెండోది అల్యూమినియం పొడి.

గ్రాఫైటు మీద తగరపు పూత ఉన్న బేర్ రాగి తీగని వదులుగా మెలికలు తిప్పుతూ చుట్టి, ఆ తీగని సర్క్యూట్ ఎర్తుకి, అంటే నా యంత్రంలో బ్యాటరీ మైనస్‌కి, కలపాలి. ఇది మరిచిపోతే కవచం ఉన్నా లేనట్టే. తీగ కూడా ఖాళీని దాటి రెండో కొసని తాకకూడదు. కాయిల్‌కీ గ్రాఫైటుకీ మధ్య కాస్త మందం ఉండాలి. అతి దగ్గరగా ఉంటే కవచంతోనే కెపాసిటెన్స్ ఎక్కువైపోతుంది. ఉన్నా ఫర్వాలేదు గాని, అది కదలకూడదు, మారకూడదు. వార్నిష్ పట్టించిన నూలు టేపు రెండు వరసలు నాకు సరిపోయింది.

ఇక సీలు. ఇది నా పాత ఉద్యోగమే, అయినా ఇక్కడే ఎక్కువ సామాను పాడుచేశాను. కొవ్వొత్తి మైనం పోసి చూశాను. మే నెల ఎండలో మిల్లు పెరట్లో పెడితే మైనం మెత్తబడి చుట్లు కదిలాయి. తెల్ల బంక తడికి మళ్ళీ జిగురవుతుంది. ఫ్రెంచి పాలిష్ లక్క రెండు వానలకి తెల్లబారింది. బాత్‌రూమ్ గొట్టాలకి రాసే సిలికోన్ ట్యూబుల్లో వెనిగర్ వాసన వేసేది రాగికి పనికిరాదు, ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఆ వాసన లేని, న్యూట్రల్ అని రాసి ఉన్న రకం వాడుకోవచ్చు. నేను కేబులు బయటికొచ్చే రంధ్రం దగ్గర మాత్రం దాన్నే వాడాను.

పాలియెస్టర్ రెజిన్, అంటే ఫైబర్‌గ్లాస్ పడవలకీ కుర్చీలకీ వాడేది, చవక. కాని ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. కాయిల్ని లాగుతుంది. ఇంకో ముచ్చట. బరువు తగ్గుతుందని వలయం మధ్యలో థర్మకోల్ నింపి దాని మీద ఈ రెజిన్ పోశాను. పొద్దున లేచి చూస్తే థర్మకోల్ లేదు. ఉప్పు కరిగినట్టు కరిగిపోయింది. ఆ రెజిన్‌లో ఉండే స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. మా ఆవిడ ఆ వాసనకి రెండు రోజులు వంట వరండాలో చేసింది.

చివరికి స్థిరపడింది ఎపాక్సీ. రెజిన్, హార్డెనర్ విడివిడిగా వచ్చేది. ఐదు నిమిషాల్లో గట్టిపడేది కాకుండా, రాత్రంతా తీసుకునే రకం. కుంచించుకోవడం తక్కువ, రాగికి హాని లేదు, థర్మకోల్‌ని తినదు. కొలత మాత్రం డబ్బా మీద ఎలా రాసి ఉంటే అలాగే. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోకండి, జిగటగానే ఉండిపోతుంది. ఒకేసారి గిన్నెడు కలిపితే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది, నా స్టీలు గిన్నె ఒకటి అలాగే పోయింది. కొద్దికొద్దిగా కలిపి పలచని పొరలుగా పొయ్యాలి. చేతులకి తొడుగులు వేసుకోండి. కొందరికి హార్డెనర్ వల్ల చర్మం మీద దద్దుర్లు వస్తాయి, ఒకసారి పడకపోయిందంటే తర్వాత ప్రతిసారీ పడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పూత ఏదైనా సరే, దానికి ముందు ఆరబెట్టడం. తేమ లోపల ఉండగా సీలు వేస్తే ఆ తేమని భద్రంగా దాచిపెట్టినట్టే. షెడ్డులో మనకి హీటింగ్ చాంబర్ ఉండేది. ఇంట్లో అట్టపెట్టెలో 60 వాట్ల పాత రకం బల్బు వెలిగించి, కాయిల్ని రాత్రంతా వేలాడదీశాను. కోడిపిల్లల్ని పొదిగించినట్టు. ఆ బల్బు కోసం నాలుగు కొట్లు తిరిగాను, అందరూ ఎల్.ఇ.డి. చేతిలో పెడతారు, దానితో వేడి రాదు. ఆరిన వెంటనే, వెచ్చగా ఉండగానే మొదటి ఎపాక్సీ పూత. తర్వాత వార్నిష్ టేపు, గ్రాఫైటు, ఎర్తు తీగ. ఆపైన మొత్తాన్ని రెండు ప్లాస్టిక్ పళ్ళేల మధ్య పెట్టి ఎపాక్సీ పోశాను. గ్రాఫైటు బయటికి కనపడేలా వదిలేస్తే దుంగల మీద రాచుకుని నెలరోజుల్లో అరిగిపోతుంది.

పరీక్షకి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ముందు ఉత్త చెయ్యి దగ్గరికి తేవడం. తర్వాత తడిపిన గోనెసంచి దాని మీద కప్పడం. ఆఖరున కాయిల్ని బకెట్టు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి పొద్దున కూత పోల్చి చూడడం. బకెట్టు ప్లాస్టిక్‌ది అయి ఉండాలి, దాని కాడ కూడా. మొదటి రోజు ఇనుప కాడ సంగతి మరిచిపోయి అరగంట తల బద్దలు కొట్టుకున్నాను. తర్వాత టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ గురించి చదివి కాస్త ఊరట పొందాను. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా ఎక్కడుందో వెదకడానికి బెల్ ఇలాంటి యంత్రమే తెచ్చాడు. మంచానికున్న ఉక్కు స్ప్రింగులు అడ్డం వచ్చాయి. తూటా దొరకలేదు, ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు పోయాడు.

నాలుగో కాయిల్‌కి గోనెసంచి పరీక్షలో కూత కదల్లేదు. 2018 వానాకాలం మొదట్లో మిల్లుకి తీసుకెళ్ళాను. ఇవ్వడానికి ముందు మేస్త్రి చేతికే తడి సంచి ఇచ్చి, మీరే కప్పి చూడండి అన్నాను. చూశాడు. తర్వాత జేబులోంచి మేకు తీసి దగ్గరికి తెచ్చాడు. కూసింది. అప్పుడు గానీ తీసుకోలేదు.

మధ్యలో ఒక మాట. నేను ఈ యంత్రం చేశానని ఊళ్ళో తెలిశాక రాత్రిపూట కొందరు ఇంటికి రావడం మొదలెట్టారు. నిమ్మకాయలు, కుంకుమ పొట్లంతో సహా. పాడుబడ్డ గుడి దగ్గర గుప్తనిధి ఉందట, సగం వాటా ఇస్తారట. మా యంత్రం రెండంగుళాల మేకుని మూడంగుళాల లోతు దాటితే కనిపెట్టలేదని చెప్పినా నమ్మరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి అని చెప్పి పంపేశాను. మీ దగ్గరికి ఎవరైనా నా పేరు చెప్పుకుని వస్తే మీరూ అదే చెప్పండి.

ఆ మూడంగుళాల సంగతి మిల్లువాళ్ళకి కూడా మొదటే స్పష్టంగా చెప్పాను. అంచేత దుంగని నాలుగు వైపులా తిప్పి చూస్తారు, లావు దుంగయితే మొదటి పలక కోశాక మళ్ళీ చూస్తారు. గొడ్డలి వెనకతో కొట్టి చూసే అలవాటు కూడా తిరిగి పెట్టించాను. రోజూ పొద్దున మొదటి దుంగకి ముందు మేస్త్రి తడి సంచి కప్పి చూస్తాడు. కూత కదిలితే ఆ రోజుకి యంత్రం పక్కనపెట్టి నాకు ఫోను చేస్తాడు. ఇంతవరకు మూడుసార్లు చేశాడు. రెండుసార్లు ఎర్తు తీగ కనెక్టరు దగ్గర వదులైంది. ఒకసారి పళ్ళెం అంచు పగిలి నీరు దిగింది, ఆరబెట్టి మళ్ళీ ఎపాక్సీ పట్టించాను. ప్రతి దసరాకి ఆయుధపూజ ముందురోజు అడుగు భాగానికి కొత్త పూత వేస్తాను, అక్కడే అరుగుతుంది.

ఆ కాయిలూ, మొదట చేసిన ప్లైవుడ్ కాయిలూ రెండూ సంచిలో తెచ్చాను. టీ సమయంలో అటు బల్ల మీద పెడతాను. తడిగుడ్డ కూడా ఉంది. ఎవరికి వారు కప్పి చూడవచ్చు.